గుర్రప్పిల్లకు గుడ్డు పెంకులు

మొన్న హనుమకొండలో ఎముకల డాక్టరు నా మోకాళ్ళ ఫొటోను వెలుతురుకు ఎత్తి చూసి, "సార్, సున్నం తగ్గింది" అన్నాడు. మా ఇంటి గోడలు చూసిన మేస్త్రీ కూడా ఆ మాట ఇంత బాధగా అనలేదు. రోజుకో తెల్ల బిళ్ళ నమిలి మింగమని రాసిచ్చాడు. ఇంటికొచ్చి నమిలాను. నాలుక మీద పొడిపొడిగా, ఏ రుచీ లేకుండా పరుచుకున్న ఆ తెల్లదనం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఇదే సరుకును ఒకసారి చాటుగా వేలితో తీసి నాకాను. అప్పుడది నా కోసం తయారైంది కాదు, ఒక గుర్రప్పిల్ల కోసం. ఆ సంగతి మా ఆవిడకు చెప్పాను.

"గుర్రానికి తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గింది."

"ఇంకేంది మరి, నమలుండ్రి" అని లోపలికి పోయింది.

వైద్యం విషయంలో ఆమెకు అంతకన్నా వివరాలు అక్కర్లేదు. నాకే ఆ వివరాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి.

మాది జనగామ. స్టేషను బయట టాంగాల వాళ్ళ ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. మా దాదా, అంటే అబ్బాకు నాయన, టాంగా తోలేవాడు. అబ్బా, అంటే మా నాన్న, గార్ల ఊళ్ళో రైల్వే గ్యాంగు పని చేసేవాడు. అమ్మీ అక్కడే ఉండేది. నన్ను మాత్రం చదువు కోసమని దాదా, దాదీల దగ్గర ఉంచారు. నేను చెప్పే ఏడాది చదువు ఏ మాత్రం సాగిందో మీకే తెలుస్తుంది.

మా వంటింటికీ గుర్రాన్ని కట్టే తబేలాకూ మధ్య ఒక తడక ఉండేది. అవతల ఉలవలు ఉడికితే ఇవతల మా కడుపులు కదిలేవి. సాయంత్రం గుర్రం కోసం ఉడికిన ఉలవల్లోంచి గుప్పెడు దొంగిలించి, ఉప్పు చల్లుకుని తినేవాడిని. ఇంట్లో దాదీ చేసే ఉలవకట్టులో ఆ రుచి ఎన్నడూ రాలేదు. అక్కడ గుర్రపు చెమట, తోలు పట్టీలకు రాసే ఆముదం, ఎండుగడ్డి, జొన్నరొట్టె, గోంగూర వేసిన అంబాడా పప్పు అన్నీ ఒకే వాసనగా ఉండేవి. దాన్ని విడదీసి చూడాలని మాకెప్పుడూ తోచలేదు. బడిలో నా పక్కన కూర్చునేవాడికి తోచింది. వాడు బల్ల మార్చుకున్నాడు.

ఇంట్లో మేం దక్కనీ మాట్లాడుకునేవాళ్ళం. గడప దాటితే తెలుగు. దాదా ఏ భాషలో మొదలుపెట్టినా ఇంకో భాషలో ముగించేవాడు గనుక, ఇక్కడ అందరి మాటలూ తెలుగులోనే రాస్తున్నాను.

మా గుర్రం బూడిద రంగుది, ముసలిది. దానికి లేటు వయసులో ఒక ఆడపిల్ల పుట్టింది, ఖర్జూరం రంగులో. టాంగాకు కట్టిన తల్లి వెంట పిల్లను వదులుగా పరుగెత్తనివ్వడం మా వాళ్ళ పద్ధతి. తల్లి స్టేషనుకు పోతే పిల్ల కూడా స్టేషనుకు పోయేది. తల్లి ఆగితే పాలు తాగేది, కదిలితే చక్రం పక్కన చిందులేసేది. దాదా దాన్ని చూసే చూపులో ముద్దు ఎంత ఉండేదో, భయమూ అంత ఉండేది. ముసలిది ఇంకో రెండు మూడేళ్ళు లాగుతుందేమో. ఆ తర్వాత బండి లాగాల్సింది ఈ పిల్లే. కొత్త గుర్రం కొనే స్తోమత మాకు లేదు. బండి ఆగితే దాదాకు చేతనైన పని లోకంలో ఇంకోటి లేదు.

అరవై తొమ్మిది ఎండాకాలం ముందర ప్రత్యేక రాష్ట్రం కోసం మొదటి ఉద్యమం మొదలైంది. బడి మూశారు. ఉద్యమం గొప్పతనం నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. వరంగల్లులో డిగ్రీ చదివే మా చిచ్చా, అంటే అబ్బా తమ్ముడు, కాలేజీ మూతపడి ఇంటికొచ్చాడు. పొద్దున జెండా పట్టుకుని పోతే మాపటికి గొంతు పోయి వచ్చేవాడు. మా బడిలో బయటి నుంచి వచ్చిన రిజర్వు పోలీసులు దిగారు. మా తరగతిలో వాళ్ళ గిన్నెలు కడిగేవారు. ఊళ్ళో నవ్వులాట ఒకవైపు ఉండేది. ఇంకోవైపు, వరంగల్లు నుంచి వచ్చే కాల్పుల కబుర్లు విని దాదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చిచ్చా గుమ్మంలో కనిపించేదాకా పొయ్యి ముందు నుంచి లేచేది కాదు.

రైళ్ళు సరిగ్గా నడవలేదు. రైలు లేకపోతే టాంగా ఎక్కే సవారీలు లేవు. లారీలు రాక ఉలవలూ దొరకలేదు. రైసు మిల్లులో మాత్రం తవుడు కొనేవాళ్ళు లేక గుట్టలు పడింది. మిల్లు గుమాస్తా దాదాను పిలిచి, "తీస్కపో తాతా, ఊకె పురుగు వడుతది" అన్నాడు. దాదా తీసుకొచ్చాడు. ఒకసారి కాదు, రోజూ.

మా ఇంట్లో ఎవరి మీద ఎంత ప్రేమ ఉందో ముందర పెట్టిన పళ్ళెం చూసి చెప్పొచ్చు. ఆ పద్ధతిలోనే పిల్లకు పొద్దున తవుడు నడిచింది. మధ్యాహ్నం దాదీ గోరువెచ్చని నీళ్ళలో బెల్లం వేసి కలిపిన తవుడు. సాయంత్రం మళ్ళీ తవుడు. పిల్ల నున్నగా, గుండ్రంగా తయారైంది. వాడకట్టు వాళ్ళు వచ్చి చూసి, "ఏంది తాతా, ఏనుగును సాదుతున్నవా?" అనేవారు. దాదా గడ్డం నిమురుకునేవాడు. ఊరంతా పస్తుల్లో ఉన్నప్పుడు తన ఇంట్లో ఒక్క ప్రాణి అయినా బలిసిందని ఆయనకు గర్వం.

ఎండలు ముదిరేసరికి పిల్ల చిందులు తగ్గాయి. పొద్దున లేవడానికి తంటాలు పడేది. ఒకరోజు ఈ కాలు కుంటితే ఇంకో రోజు ఆ కాలు. మోకాళ్ళూ, గిట్టల పైన ఉండే కీళ్ళూ చెంబుల్లా ఉబ్బాయి. దాదీ నజర్ తగిలిందని మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. అందరికీ దగ్గొచ్చింది, పిల్ల కుంటు మాత్రం పోలేదు. నాడాలు కొట్టే ముసలాయన వచ్చి, కీళ్ళ మీద ఇనుము కాల్చి వాతలు పెట్టాలన్నాడు. "రేపు చూద్దాం" అని దాదా రోజూ అనేవాడు.

అదే సమయంలో నర్సింహులపేట వైపు నుంచి గుర్రాల బేపారి వచ్చాడు. ఏటా వచ్చేవాడే. కుంటివీ, గుడ్డివీ పట్టుకుపోతాడు. అవి తర్వాత ఎక్కడ పనిచేస్తున్నాయో ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. పిల్ల చుట్టూ ఒకసారి తిరిగి బీడీ ముట్టించాడు.

"పెద్దాయనా, వానలు వడ్డంక మళ్ల వస్త. అప్పటికి గిట్లనే ఉంటె నాకియ్యి. కుంటిదాన్ని మేపుడు ఎందుకు?"

దాదా పిల్లను లోపలికి తోలుకుపోయాడు. ఆ రోజు తవుడులో బెల్లం రెండింతలు వేశాడు.

మా ఊరి పశువుల దవాఖానలో డాక్టరుది కోస్తా. ఇక్కడివాడు కాని ఉద్యోగిని అప్పట్లో గైర్ ముల్కీ అనేవాళ్ళు. అట్లాంటి వాళ్ళందరూ వెనక్కి పోవాలని చిచ్చా జట్టు ఆయన గేటు ముందు అరిచింది. దవాఖానకు తాళం వేసింది. ఆయన కొన్ని రోజులు క్వార్టరులోనే కూర్చుని, ఇక లాభం లేదని దాన్ని ఖాళీ చేశాడు. ఆ పొద్దున బెజవాడ వైపు ఒక రైలు ఉందన్నారు. ఆయన్ను ఎక్కించుకోవద్దని టాంగాల వాళ్ళకు ముందే కబురొచ్చింది. దాదా గుర్రాన్ని బండికి కట్టాడు.

చిచ్చా తండ్రికి అడ్డం నిలబడ్డాడు. "అబ్బా, ఆయన గైర్ ముల్కీ."

"సవారీకి ముల్కీ ఏంది, గైర్ ముల్కీ ఏంది? ఎక్కినప్పటి సంది దిగేదాంక నా మనిషి. జరుగు."

"పొమ్మన్నది మేమే. నువ్వు బండిల కూసోవెట్టి సాగనంపుతవా?"

"మరి నడిచి పోతడా? పొమ్మన్నోడివి నువ్వు మోస్తవా పెట్టె?"

చిచ్చా జరిగాడు. ఉద్యమ సిద్ధాంతంలో ట్రంకు పెట్టెల గురించి ఏమీ చెప్పలేదు.

టాంగాలో వెనక సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. నేను దాదా పక్కన ముందు కూర్చున్నాను. డాక్టరు తన పెట్టె, పరుపుచుట్టతో వెనక కూర్చున్నాడు. అందుకని దారంతా ఆయన ఎదురుగా కనిపించింది మా పిల్ల ఒక్కతే. అది ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ బండి వెంట వస్తోంది. రైలు గేటు దగ్గరికి రాగానే వెనక నుంచి మాట వినిపించింది.

"బండి ఆపండి."

"సాబ్, రైలు టైమైతుంది."

"ఆపమంటున్నాను కదండీ."

దాదా కళ్ళెం లాగాడు. డాక్టరు దిగి, మెరుస్తున్న బూట్లతోనే దుమ్ములో కూర్చున్నాడు. పిల్ల కీళ్ళు ఒక్కొక్కటీ ఒత్తి చూశాడు. ముఖం ఎముకలు తడిమాడు, నోరు తెరిచి చూశాడు. కాలు మడిచినప్పుడు అది ఎక్కడ గుంజుకుంటుందో గమనించాడు.

"దీనికేం పెడుతున్నారు తాతగారూ?"

దాదా నిటారుగా నిలబడ్డాడు. "మేతకు ఏం తక్కువ చేయలే సాబ్. పొద్దుగాల తవుడు. పగటీలి బెల్లమేసి తవుడు. మాపటికి తవుడు."

"ఇంకా?"

"ఇంకేముంటది సాబ్? తవుడే."

డాక్టరు తల పట్టుకుని టాంగా మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "తవుడు విషం కాదండీ. ఎదిగే పిల్లకు ఎముక కట్టాలంటే సున్నమూ కావాలి, భాస్వరమూ కావాలి. రెంటిలో సున్నం కాస్త ఎక్కువ పాలు ఉండాలి. తవుడులో భాస్వరం బోలెడు ఉంటుంది, సున్నం లేనట్టే. ఆ లోటు పూడ్చుకోడానికి ఒళ్ళు తన ఎముకలోంచే సున్నం తోడుకుంటుంది. పైకి బొద్దుగా కనిపిస్తుంది, లోపల ఎముక గుల్లవుతుంది, కీళ్ళు ఉబ్బుతాయి. పైగా ఆ బొద్దు బరువంతా ఆ కాళ్ళ మీదే కదా. పూర్వం పిండిమిల్లుల వాళ్ళ గుర్రాలకు వచ్చేది ఈ జబ్బు. మిల్లు పక్కనుంటే మేతకేం కొదవని వాళ్ళూ ఇదే పెట్టేవాళ్ళు."

దాదా తన రెండు చేతులూ చూసుకున్నాడు. "అంటే ఈ చేతులతోని నేనే..."

"మీరే పెట్టారు, మీరే మానేయగలరు. పిల్ల చిన్నది, ఎముక ఇంకా ఎదుగుతోంది కాబట్టి సర్దుకుంటుంది. ఆలస్యం చేస్తే మాత్రం ఆ కాళ్ళు అట్లాగే గట్టిపడిపోతాయి. వాతలు గీతలు పెట్టకండి."

ఆయన మేత గురించి చెబుతుండగా రైలు వచ్చింది, ఆగింది, పోయింది. మా మాటలకు అడ్డం రాలేదు. డాక్టరు దాని చివరి పెట్టెను చూసి, "ఇంకోటి ఎప్పుడండీ?" అన్నాడు.

"అది ఎవలకు ఎరుక సాబ్?" అన్నాడు దాదా.

డాక్టరు క్వార్టరు ఖాళీ చేసేశాడు. స్టేషనులో కూర్చోబెడితే జెండాల వాళ్ళు చూస్తారు. దాదా టాంగాకు పరదా దించి, డాక్టరును మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన గుడ్డు కూడా ముట్టని మనిషని తెలిసి, దాదీ కొత్త కుండ దించి అన్నం, చింతపులుసు పప్పు వండింది. మధ్యాహ్నం చిచ్చా ఇంటికొచ్చేసరికి, మొన్నటిదాకా తాను గేటు ముందు నిలబడి పొమ్మన్న మనిషి మంచం మీద కూర్చుని రెండోసారి పప్పు వడ్డించుకుంటున్నాడు.

"ఈయన పోలేదా?" అన్నాడు చిచ్చా. గొంతు సరిగ్గా రాలేదు.

"చేతులు కడుక్కో" అంది దాదీ. "తిన్నంక అరువు."

డాక్టరు తలెత్తి చూశాడు. "రోజూ నా గేటు దగ్గర అందరికన్నా గట్టిగా వినపడిన గొంతు మీదే కదండీ? తేనె, మిరియాలు తీసుకోండి. లేకపోతే రేపు ఇబ్బంది పడతారు."

చిచ్చా గోడవైపు తిరిగి తిన్నాడు. సాయంత్రం జట్టు వాళ్ళు వీధిలో నిలబడి, "డాక్టర్ పోయిండా అన్నా?" అని అడిగితే, "స్టేషనుకైతే పోయిండు" అన్నాడు. మా చిచ్చా అబద్ధం ఆడడు.

అసలు చిక్కు మందు దగ్గర వచ్చింది. ఖనిజాల మిశ్రమం డబ్బాలు దవాఖానలో ఉన్నాయని డాక్టరు చెప్పాడు. దవాఖానకు తాళముంది. అందరం చిచ్చా వైపు చూశాం.

"తాళంచెవి కమిటీ దగ్గరున్నది" అన్నాడు చిచ్చా.

"అడుగు" అన్నాడు దాదా.

"ఎవలు చెప్పిన్రు ఈ మందు అంటె ఏమనాలె? మా ఇంట్ల మంచం మీద కూసున్న గైర్ ముల్కీ సాబ్ చెప్పిండు అనాల్నా?"

దాదీ తన పాన్‌దాన్ తెచ్చి ముందు పెట్టింది. "సున్నమేనా? గింత దానికి గింత లొల్లి ఎందుకు? ఇగో."

"అది కాల్చిన సున్నమమ్మా, పిల్ల నోరు పొక్కిపోతుంది" అన్నాడు డాక్టరు. "గుడ్డు పెంకులు ఉన్నాయా? ఉడకబెట్టి, ఎండబెట్టి, మెత్తగా దంచితే మంచి సున్నం. కాకపోతే చాలా కావాలి."

చాలా గుడ్లు తినే ఇల్లు ఆ రోజుల్లో మా వీధిలో లేదు. ఊళ్ళోనూ లేదు. నాకు మా తరగతి గది గుర్తొచ్చింది.

రిజర్వు పోలీసులకు రోజూ పొద్దున ఉడికిన గుడ్లు పెట్టేవారు. ఆ పెంకులు బడి వెనక గోడ అవతల పారేసేవారు. నేనూ, నా దోస్తులిద్దరూ సంచి పట్టుకుని పోయాం. పగలు వాళ్ళ లారీ కనిపిస్తే జై తెలంగాణ అని అరిచి సందుల్లోకి ఉరికేది మేమే. పొద్దున వాళ్ళ వంటవాడి ముందు వినయంగా నిలబడిందీ మేమే. ఆయనది ఎక్కడో సీమ వైపు.

"ఏమిరా, మీ ఊర్లో పెంకులు తిని బతుకుతాండారా?"

"గుర్రానికి సార్."

"గుర్రం గుడ్లు పెడతాదా?"

"లేదు సార్. గుర్రమే పెంకులు తింటది."

ఆయన మమ్మల్ని కాసేపు చూసి, లోపలికి పోయి బక్కెట్టు నిండా తెచ్చి పోశాడు. పిచ్చివాళ్ళతో వాదించకూడదనుకున్నాడేమో. మర్నాటి నుంచి మేం పోయేసరికి పెంకులు ఒకపక్క తీసి పెట్టి ఉండేవి.

ఇల్లంతా కర్మాగారమైంది. దాదీ పెంకులు ఉడకబెట్టేది. నేను చాప మీద ఎండబెట్టి కాకుల్ని తోలేవాడిని. చిచ్చా ఇనుప రోట్లో దంచేవాడు. డాక్టరు పల్చటి మల్లుగుడ్డలో జల్లించి, "ఇంకా మెత్తగా" అని తిరిగి ఇచ్చేవాడు. చిచ్చాకు అది కోపం తీర్చుకునే మార్గంగా కుదిరింది. రోకలి చప్పుడు వింటే ఆ రోజు సభలో ఏం జరిగిందో దాదీ చెప్పగలిగేది. నేను పొడిని నాకింది అప్పుడే. డాక్టరు చూసి, "బాబూ, నీకు కాదు. అయినా ఫరవాలేదులే" అన్నాడు.

తవుడు పూర్తిగా మానేశారు. పాలకుర్తి వైపు నుంచి దాదాకు తెలిసిన రైతు బండి మీద పల్లికట్టె, అంటే ఎండు వేరుశనగ తీగ, ఉలవపొట్టు పంపించాడు. దాంట్లో డాక్టరు చెప్పిన కొలతకు పెంకుల పొడి, చిటికెడు ఉప్పు కలిపేవాళ్ళం. గట్టి రోడ్డు మీద పరుగు వద్దన్నాడు. దున్నిన చెలకలో మెత్తగా కొంతసేపు నడిపించమన్నాడు.

పెంకుల సంచులు రోజూ పోతుంటే పోలీసు జమేదారుకు అనుమానమొచ్చింది. వీటితో బాంబులు చేస్తున్నారని ఎవరో చెప్పారట. ఒకరోజు పొద్దున మా వెనకాలే వచ్చి, ఇద్దరు జవాన్లతో వాకిట్లో నిలబడ్డాడు. లోపల చిచ్చా తలనుంచి మోచేతుల దాకా తెల్లటి పొడితో రోలు ముందు కూర్చుని ఉన్నాడు. దాదీ చేతిలో గరిటె ఆగిపోయింది. జమేదారు చేతిలో పట్టుకోవాల్సిన వాళ్ళ పేర్ల చీటీ ఉంది, అందులో చిచ్చా పేరుందని మాకు తెలుసు. ఆ చీటీల్లో పేరున్న పిల్లలు వరంగల్లు జైల్లో ఉన్నారు.

జమేదారు చూపు చిచ్చా మీదికి పోకముందే మంచం మీద పడింది.

"డాక్టరుగారూ, మీరు ఇక్కడున్నారా? ఎవరో ఎత్తుకుపోయారని మేం వెతుకుతున్నాం. వీళ్ళు మిమ్మల్ని కట్టడి చేశారా?"

"చేశారండీ" అన్నాడు డాక్టరు. "ఈవిడ పప్పు దగ్గర."

జమేదారు నవ్వలేదు. చిచ్చా వైపు వేలు చూపించి, "ఇతనెవరు?" అన్నాడు.

డాక్టరు మల్లుగుడ్డ దులిపి, తీరిగ్గా చెప్పాడు. "నా కాంపౌండరు. కొత్తగా చేరాడు. చెయ్యి ఇంకా కుదరలేదు, ముతకగా దంచుతాడు. ఏవయ్యా, ఆగిపోయావేం? కానీ."

చిచ్చా దంచాడు. అంత మెత్తగా ఆయన ముందెన్నడూ దంచలేదు. జమేదారు పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, వాసన చూసి, పిల్లను చూశాడు. "గుర్రం పెంకులు తింటుందని మావాడు చెప్తే తాగి ఉన్నాడనుకున్నాను" అని గొణిగాడు. చీటీ జేబులో పెట్టుకున్నాడు.  వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా మా ఇంట్లో రోకలి చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు.

మర్నాడు రైలుంది. పోలీసులు జీపు పంపారు. డాక్టరు టాంగాలోనే పోతానన్నాడు. ముందు టాంగా, దాని వెనక నడక వేగంతో జీపు కదిలాయి. కాంపౌండరు ఇంట్లో ఉండిపోతే బాగుండదు గనుక చిచ్చా కూడా దాదా పక్కన ఎక్కాడు. జట్టు వాళ్ళు చూశారు. వాళ్ళకేం చెప్పాడో నాకు తెలియదు. స్టేషనులో డాక్టరు ట్రంకు పెట్టెను తలమీద పెట్టుకుని మోసింది మాత్రం చిచ్చానే. దించాక డాక్టరు దండం పెడితే, చిచ్చా మామూలు గొంతుతో, "మీ మీద కోపం కాదు సార్. మా నౌకరీలు మాకు కావాలె, గంతె" అన్నాడు.

"మీరు అడిగేది తప్పని నేననలేదు కదండీ" అన్నాడు డాక్టరు. "గేటుకు అంత దగ్గరగా అడిగారు, అంతే."

ఆయన పోయాక కష్టకాలం మొదలైంది. తవుడు మానడంతో పిల్ల నునుపు పోయింది, పక్కటెముకలు కనిపించాయి. వాడకట్టు వాళ్ళకు కొత్త కబురు దొరికింది. "ముసలోడు మేత కాడ పిసినారితనం చేస్తున్నడు" అన్నారు. పిల్ల తడక సందులోంచి మూతి పెట్టి అడిగేది. దాదీ అటు చూడకుండా పీట తిప్పుకుని కూర్చునేది. ఒకరోజు దాదీ గుప్పెట్లో తవుడు దాచి తీసుకుపోతుంటే దాదా చూశాడు. ఆయన కోప్పడలేదు. ఆమె గుప్పెట విప్పి, దులిపి, ఆ చెయ్యి అట్లాగే కాసేపు పట్టుకున్నాడు. వాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకోగా నేను చూసింది ఆ ఒక్కసారే.

పిల్ల పొద్దున్నే తంటాలు పడకుండా లేవడం ముందు నేనే గమనించాను. చెబితే ఆ బాగు ఎక్కడ పోతుందోనని ఎవరికీ చెప్పలేదు. దాదా కూడా గమనించి ఎవరికీ చెప్పలేదు. దాదీ కూడా అంతే. అట్లా ముగ్గురం కొన్నాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరం సంతోషపడ్డాం.

వానలు పడ్డాయి. చెప్పినట్టే బేపారి వచ్చాడు. చేతిలో తాడుంది. దాదా పిల్లను బయటికి తెచ్చాడు. బేపారి బీడీ ముట్టించకుండా జేబులో పెట్టుకుని, వంగి, ఒక్కో కీలూ తడిమాడు. ఉబ్బు ఇంకా కొద్దిగా ఉంది గానీ చెంబులు పోయి కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయి. ఆయన తాడు భుజాన వేసుకున్నాడు.

"ఏం మందు వోసినవ్ పెద్దాయనా?"

"పోలీసోళ్ల నాస్తా" అన్నాడు దాదా.

"మజాక్ చెయ్యకు. మంచి గుర్రమైతది ఇది. బేరం చెప్పు, మంచిగనే ఇస్త."

"చాయ్ తాగి పో" అన్నాడు దాదా. దాదీ అప్పటికే చాయ్ పెట్టేసింది. బెల్లం ఎక్కువ వేసింది.

ఆ తర్వాత చాలా జరిగాయి. అప్పుడు అడిగిన రాష్ట్రం అప్పుడు రాలేదు. చిచ్చా డిగ్రీ పూర్తిచేసి మహబూబాబాద్‌లో సర్కారు నౌకరీ చేశాడు. రాష్ట్రం వచ్చిన రాత్రి ముసలి గొంతుతో వీధి దద్దరిల్లేలా అరిచాడు. డాక్టరు మళ్ళీ మా వైపు రాలేదు. ఖర్జూరం రంగు గుర్రం ఆటోలు వచ్చి సవారీలను ఎత్తుకుపోయేదాకా బండి లాగింది, దాదాను సాదింది. ఇప్పుడు స్టేషను బయట గుర్రపు లద్దె వాసన లేదు. ఆ ఎండాకాలంలో పోయిన పిల్లల ఫొటోలకు ఏటా దండలు వేస్తారు. ఆ ఉద్యమంలో నువ్వేం చేశావని ఎవరైనా అడిగితే పెంకులు ఏరానని చెబుతాను. వినయం అనుకుంటారు.

నాకు మాత్రం ఆ కాలమంతా ఒక పొద్దుటి పూటలో మిగిలింది. బేపారి చాయ్ తాగి వెళ్ళిన మర్నాడు. వాన వెలిసింది. దాదా ఎప్పటిలాగే పిల్లను మెత్తగా నడిపించడానికి చెలక దగ్గరికి తోలుకొచ్చాడు, నేను వెంట ఉన్నాను. దూరంగా ఏదో రైలు కూత వేసింది. పిల్ల చెవులు నిక్కించి, ఒక్క గుంజుతో తాడు తెంపుకుంది. తడి నేల మీద నాలుగు కాళ్ళూ సమానంగా పడుతూ, మట్టి ఎగజిమ్ముతూ, పాలకుర్తి బాట వైపు దూసుకుపోయింది. ఎక్కడా ఆలోచించలేదు, ఏ కాలూ వెనకాడలేదు. నేను కేకలేస్తూ వెనక ఉరకబోయాను. దాదా నా అంగీ పట్టుకుని ఆపాడు. మోకాళ్ళు మడిచి గట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"పోనియ్‌రా. ఆకలైతె అదే వస్తది. జర ఉరకనియ్."